జిగురత్త అతికించిన బొమ్మలు

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి మొదటే చెప్పేస్తే మంచిది. ఎందుకంటే నేను చెప్పబోయేదాంట్లో తప్పు చేసింది జిగురత్త. మా లైబ్రరీలో ఎవరినడిగినా ఆ మాటే అంటారు, ఆవిడ కూడా అదే అంటుంది. కాని ఆ తప్పు చూసి నేను చేసిన నిర్వాకం ఉందే, అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

జిగురత్త నాకు అత్త కాదు. ఆ మాటకొస్తే లైబ్రరీలో ఎవరికీ ఏమీ కాదు. బైండింగ్ గదిలో కూర్చుని చిరిగిన పుస్తకాలకు మరమ్మతు చేస్తుంది. ఎప్పుడో ఒక పిల్ల అలా పిలిచింది, ఆ పేరే ఉండిపోయింది. ఆఫీసు కాగితాల్లో వేరే పేరు ఉంది గాని, దాంతో పిలిస్తే రెండు మూడుసార్లు పిలవాలి.

ఆ గది మెట్ల కింద ఉంటుంది. ఒక్కటే కిటికీ. పొడుగాటి బల్ల, బల్ల చివర కాగితాలు బిగించే ఇనుప మర, గోడకు మేకులు కొట్టి వేలాడదీసిన దారపు ఉండలు, మూలన చిన్న స్టవ్వు, దాని మీద జిగురు గిన్నె. బజారులో సీసాల్లో దొరికే జిగురు ఆవిడకు గిట్టదు. పిండి తనే ఉడికిస్తుంది. నీళ్ళు ఒక్క చెంచా ఎక్కువైతే కాగితం ఉబ్బుతుందట, తక్కువైతే ఆరాక పెళుసెక్కుతుందట. గరిటెతో పైకి లేపి, అది కిందికి జారే తీరు చూసి, "ఇంకా పచ్చిగానే ఉంది వెధవది" అని మళ్ళీ మంట మీద పెట్టేది.

ఈ పని మొదట ఆవిడ భర్తది. ఆయన ఉన్నట్టుండి పోతే ఆ ఉద్యోగం ఈవిడకిచ్చారు. అప్పటికి ఆవిడ సూదిలో దారం ఎక్కించడం తప్ప ఇంకేమీ ఎరగదు. ఎలా నేర్చుకున్నావత్తా అని ఒకసారి అడిగాను.

"ఆయన కుట్టిన పుస్తకాలు విప్పి చూసి నేర్చుకున్నానమ్మాయ్," అంది. "బతికుండగా ఏదన్నా అడిగితే కసురుకునేవాడు. పోయాక మాత్రం ఓపిగ్గా చెప్పాడు."

అని పకపకా నవ్వింది. నేను నవ్వాలో వద్దో తెలీక జిగురు గిన్నె వంక చూశాను.

అలా ఇరవై తొమ్మిదేళ్ళు. కూతురు నర్సు, పక్క వీధిలోనే ఉంటుంది. జిగురత్త పొద్దున్నే వచ్చి గది తుడుచుకుని, పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, అప్పుడు పనికి కూర్చునేది. చదవడమంటే ఆవిడకు పిచ్చి. మరమ్మతుకు వచ్చిన డిటెక్టివ్ నవల ఏదైనా సరే, హంతకుడెవరో తేలాక గాని అట్ట వెయ్యదు. ఆలస్యమైందేమని అడిగితే "జిగురు ఆరలేదు" అనేది. అందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనరు.

ఒక్క పద్యాలంటేనే గిట్టదు. గిట్టకపోవడం కూడా కాదు, భయం. పేజీలో కుదురుగా నాలుగేసి పంక్తులు కనబడితే చాలు, పుస్తకం టక్కున మూసేసేది. నేను పిల్లల విభాగం చూస్తాను కదా, నా దగ్గర పద్యాల పుస్తకాలు బోలెడు. ఒక రోజు ఊరికే ఏడిపిద్దామని ఒకటి ఆవిడ ముందు తెరిచి పెట్టాను. మొహంలో రంగు మారిపోయింది.

"వద్దమ్మాయ్, తీసెయ్యి. కథలు ఇయ్యి, దొంగతనాలు ఇయ్యి, హత్యలు ఇయ్యి. ఇవి మాత్రం నా కళ్ళబడనీకు."

తర్వాత, టీ తాగుతూ, తనే చెప్పింది. నాలుగో క్లాసులో ఉండగా పద్యం అప్పజెప్పమన్నారట. లేచి నిలబడింది. రెండు పంక్తులు చక్కగా వచ్చాయి:

నీరు పంచి పంచి నిలిచెను తెల్లనై
కొండ మీద నొంటి కొంగ వోలె

మూడోది రాలేదు. నిన్నటిదాకా వచ్చింది, సరిగ్గా అప్పుడే ఎగిరిపోయింది. పిల్లలు కిసకిసమన్నారు. "గుర్తొచ్చేదాకా బయట నిలబడు," అన్నాడట మాస్టారు. నిలబడింది. తర్వాత ఆయన మరిచిపోయాడు. చివరి గంట కొట్టేదాకా ఎవరూ లోపలికి రమ్మనలేదు. సంచీ అక్కయ్య తెచ్చింది. మర్నాడు బడికి వెళ్ళనంది, ఇంట్లో పనికి ఒక జత చేతులు కలిసొచ్చాయి, ఎవరూ గట్టిగా వెళ్ళమనలేదు. అంతే, చదువు అక్కడితో సరి.

"ఇప్పటికీ ఆ రెండు పంక్తులూ వస్తాయి," అంది. "గిన్నెలు తోముతుంటే వస్తాయి, బస్సులో నిలబడితే వస్తాయి. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి ఇదిగో, గొంతులో ఇక్కడ పట్టేస్తుంది. మిగతా అంతా పోయింది. చచ్చేలోపల ఒక్కసారి ఆ పద్యం మొత్తం ఎవరి ముందైనా అప్పజెప్పాలమ్మాయ్. నవ్వకు."

"నవ్వడం లేదత్తా. పుస్తకంలో చూసుకుంటే సరిపోయె కదా!"

"చూడలేకనే కదా ఈ ఏడుపంతా," అని కసిరింది.

ఇక నా గోల. ఆ ఏడాది నేను శనివారం మధ్యాహ్నాలు పిల్లలకు పద్యాల గంట అని ఒకటి మొదలుపెట్టాను. మంచి మంచి పాత పద్యాలు ఏరి, నల్లబల్ల మీద రాసి, మాట మాటకూ అర్థం చెప్పి, ఆఖర్న భావం చెప్పి, గొంతు పోయేలా చదివేదాన్ని. మొదటి వారం ఇరవైమంది వచ్చారు. మూడు నెలలకు అయిదుగురు మిగిలారు. ఆ అయిదుగురూ కూడా పద్యాల కోసం కాదు, మా గదిలో ఫ్యాను బాగా తిరుగుతుందని. ఒక పిల్ల ఉండేది, అందరూ పొట్టిదంటారు, ఎనిమిదేళ్ళు. దానికి ఏ మొహమాటమూ లేదు. "మేడం, అర్థం చెప్పేశాక ఇంక పద్యం ఎందుకు?" అనడిగింది. జవాబు తట్టలేదు. అందుకని దాని మీద కేకలేశాను.

అప్పుడు స్టోరు గదిలో ఆ పుస్తకం బయటపడింది. పాతకాలపు అచ్చు. ఇరవై నాలుగు పద్యాలు, ఎడమ పేజీలో పద్యం, కుడి పేజీలో దాని బొమ్మ. బొమ్మలు విడిగా మందపు కాగితం మీద రంగుల్లో అచ్చువేసి చేత్తో అతికించినవి. అబ్బ, ఏం బొమ్మలవి! ఇవి చూస్తే పిల్లలు కదలమన్నా కదలరని నాకు ఆశ పుట్టింది. మొత్తం పన్నెండు కాపీలు ఉన్నాయి గాని ఒక్కటీ సరిగ్గా లేదు. సగం బొమ్మలు ఊడి వేలాడుతున్నాయి, కుట్లు తెగాయి. పన్నెండూ బుట్టలో వేసుకుని మెట్ల కిందికి దిగాను.

"అత్తా, ఇందులో నీ పద్యం ఉంది. ఏడోది," అన్నాను.

ఆవిడ పుస్తకం తెరవలేదు, అట్ట మీద చెయ్యి వేసి కూర్చుంది. ఆ నెలాఖరుకు ఆవిడ రిటైరవుతోంది.

"నాకు చూపించకు. నువ్వు పిల్లలకు చదువుతావు కదా, వచ్చి వెనక కూర్చుంటాను. చెవిన పడితే ఏమన్నా కదులుతుందేమో. అప్పుడు చెప్పేస్తాను. నీ ముందు, పిల్లల ముందు. ఏం?"

"అంతకంటేనా!" అన్నాను.

మూడు వారాలు పని చేసింది. బొమ్మలన్నీ తడిపి విడదీసి, వెనకున్న పాత జిగురు గీకి, ఆరబెట్టి, పుస్తకాలు విప్పి మళ్ళీ కుట్టి, బొమ్మలు తిరిగి అతికించి, శుక్రవారం సాయంత్రం నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. కొత్త పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి. నేను అట్టలు చూసి మురిసిపోయాను గాని ఒక్కటైనా తెరిచి చూడలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నేను కూడా తెరవలేదు.

శనివారం జిగురత్త వచ్చింది. ఉతికిన బట్టలు కట్టుకుని, గోళ్ళ సందుల్లో జిగురు లేకుండా తోముకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. పిల్లల కుర్చీలు మరీ చిన్నవి. వెనక వరసలో ఒకదాని మీద మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది, ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. నేను తలా ఒక పుస్తకం ఇచ్చి, "ఇవాళ ఏడో పద్యం. తియ్యండి. ముందు బొమ్మ చూడండి, ఆ మబ్బు ఎంత బావుందో!" అన్నాను.

పేజీలు తిరిగాయి.

"మేడం, మబ్బు లేదు," అంది పొట్టిది. "చీమ ఉంది."

చూశాను. నిజమే, పేజీ నిండా చీమ. నెత్తిన గింజ పెట్టుకుని గట్టెక్కుతోంది. ఆరో పద్యం తీశాను, దానికి ఎదురుగా ఏదో పడవ. ఎనిమిదికి తిప్పాను, పొయ్యి దగ్గర పిల్లి. ఇంకో పుస్తకం తీశాను, అందులోనూ అంతే. పన్నెండు పుస్తకాలు, ఇరవై నాలుగేసి బొమ్మలు, ఒక్కటంటే ఒక్కటి దాని చోట లేదు. పిల్లలు పగలబడి నవ్వుతున్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మూడు నెలల ఉక్రోషం అంతా ఆ వెనక కుర్చీ మీదికి పోయింది.

"ఏమిటత్తా ఇది! చదవకుండా అతికిస్తే ఇలాగే తగలడుతుంది! పద్యం వంక కన్నెత్తి చూడని మనిషికి పద్యాల పుస్తకం ఇచ్చాను చూడు, నాదీ బుద్ధి తక్కువ! తియ్యి ఇవన్నీ. బయటికి తీసుకుపో!"

నోటి నుంచి వచ్చాక గాని నాకు వినబడలేదు. జిగురత్త లేచింది. మొహం పాలిపోయింది. పిల్లల చేతుల్లోంచి, నా బల్ల మీంచి పుస్తకాలు ఒక్కొక్కటే తీసుకుని, బుట్టలో సర్దుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయింది.

నేను కుర్చీలో కూలబడి కిటికీ వైపు తిరిగాను. ఇంక పద్యమూ లేదు పాడూ లేదు, వెళ్ళండర్రా అందామనుకున్నాను. వెనకాల గుసగుసలు. తిరిగి చూస్తే అయిదుగురూ నేల మీద బోర్లా పడుకుని ఉన్నారు. మధ్యలో ఒక పుస్తకం. పొట్టిది దాని మీద కూర్చుని దాచేసిందట.

"ఈ పద్యంలో చీమ లేనే లేదు," అంటోంది అది. "కావాలంటే మళ్ళీ చదువు. నీరు ఉంది, కొండ ఉంది, కొంగ ఉంది."

"కొంగ కూడా లేదు. కొంగలాగా ఉందన్నాడంతే," అన్నాడు కళ్ళద్దాలవాడు. వాడు పొట్టిదాని కన్నా ఏడాది పెద్ద.

"ఏది కొంగలాగా ఉంది?"

"మబ్బు. నీళ్ళన్నీ ఇచ్చేసింది కదా, తెల్లగా అయిపోయింది."

మూడు నెలల్లో నా నోరు నొప్పెట్టేలా చెప్పినా ఒక్కడూ ఒక్క పంక్తిని రెండోసారి చదివిన పాపాన పోలేదు. ఇప్పుడు ఎవరూ చెప్పకుండా ఒకే పద్యాన్ని నాలుగుసార్లు చదివారు. బొమ్మ తప్పని రుజువు చెయ్యాలంటే మరి పద్యం చదవాలి కదా!

"చీమది ఇంకెక్కడో ఉంటుంది, వెతుకుదాం," అంది పొట్టిది.

వెతికారు. ఒక్కో పద్యం పైకి చదవడం, కొట్టుకోవడం, కాదనుకోవడం. అడ్డం వచ్చిన పాత మాటలకు నన్ను పిలవలేదు, చుట్టూ ఉన్న మాటల్ని బట్టి వాళ్ళే ఊహించుకున్నారు. పద్దెనిమిదో పద్యంలో ఆగారు. ఆరు కాళ్ళు, తన ఒంటికన్నా పెద్ద మూట, కూలి అడగని కూలివాడు ఎవరో చెప్పుకోమంటుంది అది. చీమ అన్న మాటే ఉండదు. "ఇదే! ఇదే!" అని గోల. దాని ఎదుట పేజీలో ఏముందో చూసి ఇంకా గోల. "మబ్బు ఇక్కడుంది!"

కళ్ళద్దాలవాడు వేళ్ళు మడిచి లెక్క వేశాడు. "ఏడుది పద్దెనిమిదికి పోయింది, పద్దెనిమిది ఏడుకి వచ్చింది. అన్నీ తిరగబడ్డాయి. ఇరవై అయిదులోంచి తీసేస్తే చాలు, ఏ బొమ్మ ఎక్కడుందో తెలిసిపోతుంది."

"నీ లెక్క నువ్వే ఉంచుకో," అంది పొట్టిది. "మేం చదివే కనిపెడతాం."

గంట అయిపోయింది, ఎవరూ లేవలేదు. పద్నాలుగు పద్యాలు చదివారు. పొట్టిది తలుపు దగ్గర ఆగి, "జిగురత్త కావాలని అతికించింది కదా మేడం, మనం ఆడుకోవాలని?" అంది. నాకు చెంప మీద కొట్టినట్టయింది. మెట్లు దిగి కిందికి పరిగెత్తాను. బైండింగ్ గదికి తాళం వేసి ఉంది.

ఆ ఆదివారం ఎలా గడిచిందో నాకే తెలుసు. ఆ మాస్టారిని నేను మనసులో ఎన్ని తిట్లు తిట్టానో! ఇప్పుడు నాకూ ఆయనకూ తేడా ఏమిటి? ఆయనది మరుపు, నాది నోటి దురుసు. ఆవిడకు మాత్రం రెండుసార్లూ ఒకటే జరిగింది.

సోమవారం పొద్దున్నే వెళ్ళేసరికి గదంతా తడి కాగితాల వాసన. జిగురత్త పెద్ద పళ్ళెంలో నీళ్ళు పోసి, పదకొండు పుస్తకాల బొమ్మలూ మళ్ళీ ఊడదీస్తోంది.

"అత్తా, తప్పయిపోయింది. నా నోరు పడిపోను."

"నీ నోరెందుకు పడిపోవాలి?" తలెత్తలేదు. "తప్పు నాది. బొమ్మలు గీకేటప్పుడు వెనక పెన్సిల్ నెంబర్లు కూడా పోయాయి. పోనీలే, వరస నాకు తెలుసు కదా అని కట్టలు కట్టి, ఒకటోది అడుగున, రెండోది దాని మీద, అలా బోర్లా పేర్చి మరలో బిగించాను. ఆరాక మొత్తం దొంతర తిప్పి పెట్టుకోవాలి. అప్పుడు ఒకటోది పైకి వస్తుంది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఏనాడూ తిప్పడం మరవలేదు. మొన్న మరిచాను. పైనుంచి తీసుకుంటూ అతికించుకుంటూ పోయాను. పక్క పేజీకి జిగురు అంటకుండా ఎటూ కాగితం కప్పుతాం కదా, పద్యం కనబడే ప్రశ్నే లేదు."

"ఎందుకు మరిచావు?"

అప్పుడు తలెత్తింది. "ఏడోది నాదని నువ్వు చెప్పావుగా. అదే ఆలోచిస్తూ కూర్చున్నాను."

పళ్ళెం అవతలికి జరిపి, శనివారం పిల్లలు చేసిందంతా చెప్పాను. బొమ్మ తప్పవబట్టే పద్యంలోకి దిగారని, సరైన బొమ్మ అయితే చూసి ఊరుకునేవారని, అలాగే ఉంచెయ్యమని బతిమాలాను.

"కుదరదు," అంది. "నా చేతి మీదుగా తప్పు పుస్తకం బయటికి వెళ్ళదు. నెలాఖరు తర్వాత నేనుండను. ఎవరో తెరిచి, ఇది అతికించిన మనిషికి కళ్ళు లేవా అంటారు. అనిపించుకోవడం నాకిష్టం లేదు."

ఆవిడ అన్నది ఎవరినో నాకు అర్థమైంది. కాసేపటికి తనే, తడిచేతులు తుడుచుకుంటూ, "అసలు అతికించకపోతే?" అంది. పుస్తకం చివర అట్టకు లోపలి వైపు ఒక జేబు కుట్టి, ఇరవై నాలుగు బొమ్మలూ విడిగా అందులో పెట్టేస్తే? పిల్లలే తీసి, పద్యం చదివి, ఏది దేనిదో పక్కన పెట్టుకుంటారు. మళ్ళీ జేబులో వేసేస్తారు. తప్పు అతికింపు అనే మాటే ఉండదు.

"అత్తా, నువ్వు మామూలు దానివి కాదు!"

"కాని వెనక నెంబర్లు వెయ్యాలి. చివరికి సరి చూసుకోవడానికి," అంది. వెంటనే మొహం వాడిపోయింది. వరస ఒకసారి తప్పింది కాబట్టి ఇంక చేతి లెక్కను నమ్మదట. కళ్ళద్దాలవాడి లెక్క చెప్పబోయాను, చెయ్యి అడ్డం పెట్టింది. "కాదు. చదివే వెయ్యాలి."

"నేను చదువుతాను," అన్నాను.

"నువ్వొద్దు." మొహమాటం లేకుండా అంది. "ఆ పిల్లల్ని పంపు."

అది ఆవిడ ఆఖరి శనివారం. నా గదిలో కాదు, ఆవిడ గదిలో. పిల్లలు అయిదుగురూ బల్ల చుట్టూ ఎక్కి కూర్చున్నారు. జేబులు కుట్టడం అప్పటికే అయిపోయింది, బొమ్మలు ఆరి ఒక పక్కన కట్టలుగా ఉన్నాయి. ఆవిడ పెన్సిల్ చెవి మీద పెట్టుకుని నిలబడింది, ఎప్పుడూ నిలబడే చోటే. నేను స్టవ్వు పక్కన నిలబడ్డాను, నోరు తెరవకూడదని ఒట్టు పెట్టుకుని.

ఒకటో పద్యం కళ్ళద్దాలవాడు చదివాడు. పిల్లలు వాదించుకున్నారు, బొమ్మ తేల్చారు, ఆవిడ దాని వెనక ఒకటి అని వేసింది. రెండు. మూడు. పద్యం చదువుతున్నంతసేపూ ఆవిడ చూపు బొమ్మల మీదే. అయిదో పద్యం దగ్గర "కాదర్రా, పడవలో ఇద్దరున్నారు, మీరు చదివినదాంట్లో ఒక్కడే" అంది. ఆరోదాని దగ్గర నవ్వింది కూడా.

ఏడోది పొట్టిదాని వంతు. అది కూడబలుక్కుని చదువుతుంది. "నీరు... పంచి... పంచి..." అని, వేలు పెట్టి, "నిలి... చెను..." అని ఆగింది.

"తెల్లనై," అంది జిగురత్త. "కొండ మీద నొంటి కొంగ వోలె."

గట్టిగానే అంది. పిల్లలు తలలెత్తారు. పొట్టిది పుస్తకం చూసుకుని, "సరిగ్గా చెప్పావే!" అంది. ఆవిడ గొంతు కదులుతోంది, మాట రావడం లేదు. ఒక చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. యాభై ఏళ్ళ కిందట ఆగినచోటే ఆగింది. మూడో పంక్తి నా నాలిక చివర ఉంది. అందించబోయి, నాలిక గట్టిగా కరుచుకున్నాను. నేను ఇంకొకసారి ఆవిడ నోటికి అడ్డం రాకూడదు.

పొట్టిది మబ్బు బొమ్మ తీసి ఆవిడ ముందు పెట్టింది. "ఇది చూడత్తా, ఇందులో ఉంటుంది. మేం కూడా ఇలాగే కనిపెట్టాం."

జిగురత్త కళ్ళజోడు సర్దుకుంది. పన్నెండు కాపీల్లోనూ రెండు విడతలు తన చేత్తో తడిపి ఆరబెట్టిన బొమ్మ. తెల్లటి మబ్బు, కింద గడ్డి మొలిచిన కొండ, బాగా దూరంగా సన్నటి నీలి గీత.

"గడ్డి అటు వంగింది," అంది నెమ్మదిగా. "అటే సముద్రం. గాలి దాన్ని తీసుకుపోతోంది. చిన్నపిల్లను తీసుకుపోయినట్టు..." ఆగింది. "కడలి వంక గాలి కరము పట్టి. అది చివరిది. దాని ముందు... ఎందుకు పోతోంది? నీళ్ళయిపోయాయి. మళ్ళీ... మరల నింపికొనఁగ..."

ఆ తర్వాత ఇక ఆగలేదు. బొమ్మ బల్ల మీద పెట్టేసి, చేతులు కిందికి వదిలి, బడిలో నిలబడ్డట్టు నిలబడి, మొదటినుంచి చెప్పింది.

నీరు పంచి పంచి నిలిచెను తెల్లనై
కొండ మీద నొంటి కొంగ వోలె
మరల నింపికొనఁగ మబ్బు పోయెను జూడు
కడలి వంక గాలి కరము పట్టి

పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపు ఆగలేదు, పైట నోట్లో కుక్కుకున్నాను. ఆవిడ కూడా ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా వంక చూస్తోంది, ఇంకేదో వస్తుందని ఎదురుచూస్తున్నట్టు.

"తర్వాత?" అంది.

"తర్వాత ఏం లేదత్తా. అయిపోయింది."

నమ్మలేదు. పొట్టిదాని చేతిలోంచి పుస్తకం లాక్కుని, తనే పేజీ చూసింది. ముందు పేజీ తిప్పింది, వెనక పేజీ తిప్పింది, మళ్ళీ ఆ పేజీకే వచ్చి నాలుగు పంక్తులనూ వేలితో లెక్కపెట్టింది. నెమ్మదిగా మొహం ఎర్రబడింది. ఆవిడకు కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"ఇంతేనా?" అంది. "ఇంత చిన్నదని నాకెవరూ చెప్పలేదేం?"